తరుగు ఖాతా

నలుగురి మధ్య కూర్చుని నలుగురికీ తెలియకుండా గోక్కోవడం ఒక విద్య. ఆ విద్యలో నన్ను మించినవాడు పామేడులోనే కాదు, ఊసూరు బ్లాకు మొత్తంలో ఉండడని ఈ మధ్యదాకా నా నమ్మకం. మాది కిరాణా కొట్టు. ఉప్పు ప్యాకెట్టు అందుకునే వంకతో పక్కకు వంగితే తొడ బియ్యం బస్తా అంచుకు తగులుతుంది. కాటాలో రాయి మార్చేటప్పుడు నడుము గల్లాపెట్టె మూలకు ఆనుతుంది. పై అరలో సబ్బులు తీయడానికి స్టూలెక్కితే కాలివేళ్ల సందుని స్టూలు అంచుకేసి రుద్దుకోవచ్చు. సరుకుకొచ్చినవాళ్లకు కనిపించేది మాత్రం క్షణం కుదురుగా కూర్చోని కష్టజీవి. "సావుకారికి ఒళ్లు మంచిగ వంగుతది" అని ముసలివాళ్లు మెచ్చుకునేవారు. ఒళ్లు వంగడం నిజమే. ఎందుకు వంగుతోందో నా లుంగీకి తెలుసు.

ఇక దాచి లాభం లేదు. నాకు షుగరుంది. షుగరుతో పాటు గజ్జల్లో తామర, పొట్ట మడత కింద తామర, మొలతాడు వెంబడి నడుము చుట్టూ తామర, కాలివేళ్ల మధ్య తెల్లగా నానిపోయిన చర్మం ఉన్నాయి. ఇంకో చోట కూడా ఉంది, దాని సంగతి తర్వాత. ఒకటి తగ్గితే ఇంకొకటి లేస్తుంది. వానాకాలంలో అన్నీ కలిసి లేస్తాయి.

మా పామేడు ఛత్తీస్‌గఢ్‌లో, బీజాపూర్ జిల్లాలో ఉంది. కాగితం మీద ఉంది. మా కాళ్లు మాత్రం తెలంగాణ వైపే నడుస్తాయి. బియ్యం, బట్టలు, సంబంధాలు, సూదిమందు అన్నీ చర్ల నుంచే. ఏళ్ల తరబడి మా జిల్లా కేంద్రానికి పోవాలంటే ముందు చర్లకు దిగి, తెలంగాణ చుట్టి, రెండొందల కిలోమీటర్ల పైచిలుకు తిరిగి మళ్లీ సొంత రాష్ట్రంలో అడుగుపెట్టేవాళ్లం. బీజాపూర్ నుంచి నేరుగా బస్సు రావడానికి 2025 దాకా పట్టింది. ఊళ్లో తెలుగు, కోయ, హిందీ మూడూ చెల్లుతాయి. మూడూ వచ్చి కూడా నా బాధ నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చర్లకు పోయి మందుల షాపులో అడుగుదామంటే, నేను పోయిన రోజే మా ఊరివాడొకడు అక్కడ తలనొప్పి మాత్ర కోసం నిలబడి ఉంటాడు. వాడి ముందు గజ్జల మాట ఎత్తితే, నేను తిరిగొచ్చేలోపు ఆ మాట ఊరు చేరుతుంది. అందుకని నా మందు నా కొట్లోనే దొరికే ఏర్పాటు చేసుకున్నాను. చాలా తెలివైన ఏర్పాటు. అక్కడికీ వస్తాను.

ముందు షుగరు. డాక్టరు దగ్గరికి రానివాడు సంతకు మాత్రం వస్తాడన్న కిటుకు పట్టుకుని, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 అక్టోబర్ 2న సంతల్లోనే వైద్యం మొదలుపెట్టింది. హాట్ బజార్ క్లినిక్ అంటారు. అలాంటి ఒక సంతలో చింతపండు బేరమాడుతూ, ఊరికే చేస్తున్నారు కదా అని వేలు పొడిపించుకున్నాను. మిషను చూపించిన అంకె చూసి ఆ పిల్ల "పొద్దున్నుంచి ఏమన్నా తిన్నరా?" అని అడిగింది. ఏమీ తినలేదన్నాను. జేబులో ఇప్పపువ్వు ఉంది. నోట్లో కూడా కొంచెం ఉంది.

ఇప్పపువ్వు దగ్గర నన్ను నమ్మకండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో జనం తెల్లవారకముందే అడవికి పోయి, రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి కొట్టుకు తెస్తారు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. గుప్పెడు నోట్లో వేసుకోకుండా సరుకు మంచిదో బూజు పట్టిందో ఎట్లా తెలుస్తుంది? వేసుకునేవాణ్ణి. ప్రతి బస్తాకూ వేసుకునేవాణ్ణి. ఎండు సరుకు అన్నాక బరువు తగ్గుతుంది కనుక మా లెక్కల పుస్తకంలో తరుగు ఖాతా అని ఒకటుంది. తేమ ఆరిపోయింది, ఎలుక తిన్నది, గోతాం చిల్లిలోంచి కారిపోయింది, అంతా అందులోకే. నా గుప్పిళ్లూ అందులోకే పోయేవి. పుస్తకం రాసేది మా ఆవిడ. "ఏమయ్యా, ఈ ఏడు ఎలుకలు బాగా బలిసినయ్" అనేది నా పొట్ట వంక చూస్తూ.

జీలుగు కల్లు విషయంలో నాదొక సిద్ధాంతం ఉండేది. బస్తర్ లోపలి ఊళ్లలో దాన్ని సల్ఫీ అంటారు. పొద్దున్నే దించినప్పుడు తియ్యగా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. పులిసిందంటే తీపి పోయినట్టే, తీపి పోయిందంటే షుగరువాళ్లకు పనికొచ్చినట్టే. ఈ సిద్ధాంతాన్ని నాతో పాటు కూర్చుని తాగేవాళ్లందరూ ఒప్పుకున్నారు.

షుగరు బయటపడిన ఏడు వానాకాలంలో మొదటి తామర బిళ్ల లేచింది. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో మామూలుగా. అమ్మను సలహా అడిగాను, చోటు మాత్రం మార్చి చెప్పాను. మోచేతి మీద అన్నాను. అమ్మ తగిరిస గింజలు తీసింది. తొలకరికి దారి పొడుగునా మొలిచే మొక్కే, ఛత్తీస్‌గఢ్‌లో చరోటా భాజీ అని లేతాకు కూర వండుకుంటారు. గింజలు నిమ్మరసంలో నూరి తామరకు పట్టించడం పాత వైద్యం. పూర్తిగా కొట్టిపారేయాల్సిందీ కాదు, బూజుజాతి మీద పనిచేసే పదార్థాలు ఆ గింజల్లో ఉన్నాయని ప్రయోగశాలల్లోనూ తేలింది. కాకపోతే వాళ్లు గాజు పళ్లేల్లో పరీక్షించారు. నేను రాత్రిపూట, గోకి గోకి పచ్చి చేసుకున్న గజ్జల్లో, నిమ్మరసంతో సహా పట్టించాను. కాసేపటికి పెరట్లో నేను వేసిన గంతులకు అమ్మ లేచి వచ్చింది.

"మోచేతికి రాస్తే కాళ్లెందుకురా ఎగరేస్తున్నవ్?"

దోమలని చెప్పాను.

ఇక నా తెలివైన ఏర్పాటు. సబ్బులు, అగ్గిపెట్టెలు, బీడీ కట్టలతో పాటు చర్ల నుంచి ఒక అట్టడబ్బా నిండా ట్యూబులు తెప్పించాను. కిరాణా కొట్టులో అమ్మదగ్గ సరుకు కాదది. అందులో మూడు మందులు కలిపి ఉంటాయి. బూజుకొకటి, చీముకొకటి, దురద ఆపడానికి క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఒకటి. రాత్రి రాస్తే తెల్లారేసరికి దురద మాయం, ఎరుపు మాయం. ఆపితే కొద్ది రోజుల్లో అంతకు రెట్టింపు. అంటే మందు గొప్పది, నా జబ్బు మొండిది అని తీర్పు చెప్పుకున్నాను. ఒక్కణ్ణే వాడుకుని ఊరుకున్నా సరిపోయేది. అమ్మాను. తునికాకు కల్లానికి వచ్చే కూలీలకు అమ్మాను, పనిమీద వచ్చిపోయే ఉద్యోగులకు అమ్మాను. వాళ్లు చెవిలో చెప్పేవారు, నేను పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాణ్ణి. ఉప్పు దగ్గర అర్ధరూపాయి కోసం గీచి గీచి బేరమాడేవాడు కూడా ఆ ట్యూబు దగ్గర నోరెత్తడు. అంత మర్యాదైన సరుకు నా కొట్లో ఇంకోటి లేదు. స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన బిగించింది. ఆ నిబంధన ఏ దారిన వచ్చిందో గానీ పామేడు చేరలేదు. చేరినా నేను చదివేవాణ్ణి కాదు.

ఒక్కటే చిక్కు. డబ్బాలో లెక్క కుదిరేది కాదు. అమ్మినవి తీసేసి, నేను నొక్కేసినవి తీసేసినా ఇంకా తగ్గేవి. ట్యూబు ఎండి బరువు తగ్గే సరుకు కాదు, ఎలుకలు తినవు. సాయానికొచ్చే కుర్రాణ్ణి అనుమానించి చాలా రోజులు వాడి నడక కనిపెట్టాను. వాడు నిటారుగా నడిచేవాడు. చేసేదిలేక దాన్ని కూడా తరుగులో రాయించాను.

ఇప్పుడు ఆ ఇంకో చోటు సంగతి. మామూలు మాత్రలకు షుగరు లొంగకపోతే డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ అనే మాత్ర కలిపాడు. 2020లో పేటెంటు గడువు తీరాక మన దేశంలో చవకైన మందు అది. దాని తాత ఆపిల్ చెట్టు బెరడులో ఉంటుంది, 1835లోనే వేరుచేశారు. మంచి మందే, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తుంది. నెత్తురులో ఎక్కువైన చక్కెరను మూత్రపిండాలు మళ్లీ లోపలికి లాక్కోకుండా ఆపి, ఒంటేలుతో బయటికి పంపుతుంది. షుగరు మనిషిలో రోజుకు దాదాపు 70 గ్రాములు. ఆ అంకె విని నా కాటాలో 70 గ్రాముల చక్కెర తూచి చూశాను. చెంచాతో కొలిస్తే పధ్నాలుగు చెంచాలొచ్చింది. నా టీలో మా ఆవిడ ఒక్క చెంచా ఆపి ఏదో ఆదా చేశాననుకుంటోంది. నేను రోజూ పధ్నాలుగు చెంచాలు పెరట్లో పారబోస్తున్నాను.

ఆ సంగతి ముందు చీమలకు తెలిసింది. ఒంటేలుకు చీమలు పట్టడం మధుమేహానికి గుర్తని మన పాత వైద్యులు ఎప్పుడో రాసిపెట్టారు. "పెరట్లో బెల్లం పానకం ఎవరు పోస్తున్నరు?" అని అమ్మ రెండిళ్ల అవతలికి వినపడేలా అడిగింది. చీమల తర్వాత కాండిడా అనే ఈస్టుకు తెలిసింది. అంత తీపి దారిలో అది కాపురం పెట్టకుండా ఎట్లా ఉంటుంది? "పోసిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని పొడిగా తుడుచుకో" అని డాక్టరు ముందే చెప్పాడు. అది విన్నాను. "దురదో మంటో వస్తే దాచకుండా వచ్చి చెప్పు" అని కూడా అన్నాడు. అది నాకు వినపడలేదు.

చెప్పడం కంటే సులువు మార్గం ఒకటి దొరికింది. వారానికో గుళిక మింగితే ఎక్కడి బూజైనా పోతుందని సంతలో ఎవరో అన్నారు. ఫ్లూకోనజోల్. తెప్పించి మింగాను. అప్పటికే నేను షుగరుకు గ్లిమెపిరైడ్ మింగుతున్నాను. కాలేయంలో గ్లిమెపిరైడ్‌ను కరిగించి పంపే ఎంజైము ఒకటుంది, ఈ గుళిక దాని చేతులు కట్టేస్తుంది. షుగరు మాత్ర ఒంట్లోనే పేరుకుని, షుగరును పాతాళానికి దింపుతుంది. ఇదంతా తర్వాత తెలిసిన శాస్త్రం. ఒక సంత రోజు నాకు తెలిసింది చెమటలు, చేతుల వణుకు, కళ్ల ముందు మసక. కిలో పప్పు అడిగినవాడికి రెండు కిలోలు తూచి, కిలో డబ్బులే తీసుకున్నాను. అది చూసి మా ఆవిడకు నా పరిస్థితి ఎంత విషమించిందో అర్థమైంది. కేకేసింది.

పక్కింటి మితానిన్ పరిగెత్తుకొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి ఉన్న ఏర్పాటు ఈ మితానిన్‌లు. మిగతా దేశానికి ఆశా కార్యకర్తలు వచ్చింది ఆ తర్వాతే. ఆమె నా మొహం చూసి, నా కొట్లోని చక్కెర నా నోట్లోనే కుక్కింది. ఎన్నాళ్ల తర్వాతో మా ఆవిడ కళ్ల ముందే, ఆమె అనుమతితో చక్కెర తిన్నాను. ఆ రుచిని సరిగా ఆస్వాదించే స్థితిలో లేకపోవడమే నా దురదృష్టం. కాస్త తేరుకున్నాక, "అన్నా, కొత్తగా ఏం మింగినవ్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె నా మొహం వదిలేసి మా ఆవిడ మొహం చూసింది. "వదినా, ఇంట్ల ఉన్న మందులన్నీ సంచిలో ఏసుకుని అన్నను భద్రాచలం తీస్కపో" అంది. దాచి మింగిన గుళికలు, అట్టడబ్బాలోని ట్యూబులు సంచిలో పడితే నా బతుకేమిటి? "నేనొక్కణ్ణే పోయొస్తా, రామయ్య దర్శనం కూడా చేసుకొస్తా" అన్నాను. ఆ మాటే కొంప ముంచింది. రామయ్య దర్శనమంటే అమ్మ కూడా బయల్దేరింది.

చర్లలో బస్సెక్కాక దారి పొడుగునా నేను ఆలోచించింది ఒక్కటే, వీళ్లిద్దరినీ గుడి దగ్గర దింపి నేను ఆసుపత్రికి జారుకోవడం ఎట్లా అని. అమ్మ సాగనివ్వలేదు. "ముందు డాక్టరు, తర్వాత దేవుడు. డాక్టరు పొద్దుగూకితే ఉండడు" అంది. అట్లా ముగ్గురం చర్మం డాక్టరమ్మ గదిలో బెంచీ మీద వరసగా కూర్చున్నాం.

"ఎక్కడ?" అంది డాక్టరమ్మ.

"మోచేతి మీద" అంది అమ్మ.

డాక్టరమ్మ నా మోచేయి చూసింది, నన్ను చూసింది, తెర వెనక్కి రమ్మంది. తెర పలచటిది. నేను గుసగుసగా చెప్పిన ప్రతి చోటునూ ఆమె గట్టిగా తిరిగి చెప్పి నర్సుతో రాయించింది. బ్లేడుతో నాలుగు పొట్టు రేకులు గీకి, పొటాష్ ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్ను కూడా చూడమంది. కొమ్మలు కొమ్మలుగా, గీతలు గీతలుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ నేను మేపిందాన్ని నేను మొదటిసారి చూడటం అదే.

సంచిలోంచి ట్యూబు తీసి, "ఇది ఎవరిచ్చారు?" అంది. ఒక కిరాణా కొట్టువాడన్నాను. "వాణ్ణి తీసుకురండి ఒకసారి" అంది. మా ఆవిడ చప్పుడు చేయకుండా నా వైపు చూపించింది.

అప్పుడు పడ్డాయి అక్షింతలు. దురద, ఎరుపు అనేవి బూజును చూసి ఒళ్లు చేసే గొడవ. స్టెరాయిడ్ చేసేదల్లా ఆ గొడవ ఆపడం. "దొంగ పడ్డాడని కుక్క మొరుగుతుంటే, దొంగను వదిలేసి కుక్క నోరు కట్టేసినట్టు" అంది డాక్టరమ్మ. కుక్క ఊరుకుంది కాబట్టి దొంగ పోయాడని నేననుకున్నాను. దొంగ ఈలోపు గది గదీ తిరిగాడు. గుండ్రటి అంచు కూడా చెరిగిపోయి, చూసే డాక్టరుకు కూడా తామరని గుర్తుపట్టడం కష్టమవుతుందట. నా తొడల లోపల కందిన చారలు చూపించి, అవి చర్మం పలచబడి చిట్లిన గుర్తులని, ఇక పోవని చెప్పింది. షుగరు అదుపులో లేనప్పుడు తెల్లకణాలు బద్ధకిస్తాయి. చెమటలో, మడతల్లో చక్కెర పెరుగుతుంది. పొట్ట పెరిగితే మడతలూ పెరుగుతాయి. పైగా పాదాల్లో నరాలు మొద్దుబారితే కాలివేళ్ల మధ్య పగిలినా తెలియదు. ఆ పగులులోంచి సూక్ష్మజీవులు దూరి కాలంతా వాచి ఆసుపత్రి పాలవుతారు. "గజ్జల్లో దురద మిమ్మల్ని చంపదు. ఆ కాలివేళ్ల సందు చంపగలదు. దాన్నేమో స్టూలుకేసి రుద్దుకుంటున్నారు" అంది. స్టూలు సంగతి ఈమెకు ఎవరు చెప్పారా అని చూస్తే, మా ఆవిడ గోడ మీది క్యాలెండరు చదువుతోంది. ఊళ్లో నా విద్యకు గురువులు లేకపోయినా ప్రేక్షకులున్నారన్నమాట.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. "ఇంట్లో ఇంకెవరికుంది?" అని అడిగింది డాక్టరమ్మ. ఎవరికీ లేదని నేను గర్వంగా చెప్పాను. బెంచీ మీద నిశ్శబ్దం. కాసేపటికి అమ్మ లేచి తెర వెనక్కి పోయింది. రవిక కింద మడతలో. అమ్మ రాగానే మా ఆవిడ పోయింది. లంగా బొందు కట్టుకునే చోట, చుట్టూ. ఇద్దరూ ట్యూబు రాస్తున్నారు. ఎక్కడిదా ట్యూబు? నా అట్టడబ్బాలోది. ఒకరికి తెలియకుండా ఒకరు, నాకు తెలియకుండా ఇద్దరూ. లెక్క రాసే మనిషే సరుకు తీసి, తరుగులో రాసుకుంది. నేను నిటారుగా నడిచే కుర్రాడి వెంట పడ్డాను.

"అందరూ ఒకే తువ్వాలు, ఒకే సబ్బు, ఒకే దుప్పటి?" అంది డాక్టరమ్మ. అంతే కదా మరి, సంసారమంటే. ఒకరికి తగ్గితే ఇంకొకరం అంటిస్తున్నాం. ముగ్గురికీ ఒకేసారి మందు పడితే తప్ప ఎవరికీ పోదంది.

నాకు ఇట్రాకోనజోల్ గుళికలు రాసింది. అన్నం తిన్నాకే మింగాలి. రోజూ పరగడుపున మింగే గ్యాస్ మాత్ర ఆపమంది, కడుపులో పులుపు తగ్గితే ఈ గుళిక ఒంటికి పట్టదట. సంచి బోర్లించి ఒక్కొక్క మాత్రా చదివింది. కొలెస్ట్రాల్ మాత్రకూ దీనికీ పడదని కొట్టేసింది. గుండె గురించి, కాలేయం గురించి అడిగింది. షుగరు డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడింది. ఆయన ఒంటేల్లో చక్కెర పారబోసే ఆ మాత్ర కొన్నాళ్లు ఆపుదామన్నాడు. పూతమందు పొద్దున, రాత్రి, మచ్చకు అవతల రెండు సెంటీమీటర్ల దాకా రాయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి. పోయిన మచ్చకు మందు రాయడమేమిటి, దండగ కదా అని నాలోని వ్యాపారి గొణిగాడు.

చివర్లో డాక్టరమ్మ ఒక మాట అంది. "ఆ మొలతాడు తీసేయండి. చెమట పీల్చుకుని ఎప్పుడూ తడిగా ఉంటుంది, బూజుకు అదే ఇల్లు."

గదిలో పిడుగు పడ్డట్టయింది అమ్మకు. మా వైపు మగవాడికి మొలతాడు తెంపేది ప్రాణం పోయాకే. పురిటి స్నానం నాడు కట్టింది కాటికి పోయే ముందు తెంపుతారు, మధ్యలో పాతది తీయాలన్నా ముందు కొత్తది కట్టి తీస్తారు. "నా కండ్ల ముందల నా కొడుక్కు మొలతాడు తీస్తరా?" అని అమ్మ బెంచీ మీంచి లేచింది. డాక్టరమ్మకు ఇది కొత్త కాదనుకుంటాను, ఓపిగ్గా, "పెద్దమ్మా, మందు అయిపోయాక మళ్లీ కడదాం" అంది. ఆ రోజు రామయ్య గుళ్లో అమ్మ నా తరఫున మొక్కిన మొక్కుల ధాటికి నా ఆయుష్షు రెండింతలై ఉండాలి.

ఇంటికొచ్చాక తీశాను. రెండు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. మూడోనాడు తెల్లారి లేచి చూసుకుంటే నడుముకు కొత్త మొలతాడుంది. నిద్రలో కట్టేసింది. నల్లదారం మా కొట్లోదే. తీశాను, మళ్లీ కట్టింది. చివరికి మా ఆవిడ రాజీ కుదిర్చింది, "వెండిది చేపిద్దాం అత్తమ్మా, రోజూ కడిగి తుడవొచ్చు, తడి పీల్చదు." డాక్టరమ్మను ఫోన్‌లో అడిగితే, అసలు లేకపోతే మేలు, తప్పదంటే మందయ్యాక వదులుగా వేసుకోమంది. అమ్మ సంతోషించింది. వెండి ధర వినేదాకా నేనూ సంతోషించాను. "నా పట్టీలకు లేని వెండి నీ నడుముకు యాడికెల్లి వస్తది?" అని రాజీ కుదిర్చిన మనిషే ఎదురు తిరిగింది. ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది. ప్రస్తుతానికి నా మొలతాడు దేవుడి పటం కింద మేకుకు వేలాడుతూ, అక్కణ్ణించే నన్ను కాపాడుతోంది.

ఇంట్లో ఇప్పుడు మూడు తువ్వాళ్లు, మూడు సబ్బులు. బట్టలు మరిగిన నీళ్లలో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేస్తున్నాం. వానాకాలంలో ఎండ ఎక్కడిదంటే, పొయ్యి మీద దండెం. మా ముగ్గురి లోపలి బట్టలకూ ఎండుచేపల వాసన పట్టింది. కాలివేళ్ల మధ్య తుడుచుకోవడానికి నాకో ప్రత్యేక గుడ్డ. కనీసం రోజుకోసారి అమ్మ "వేళ్లు తుడుచుకున్నవా?" అని కొట్లోకి కేకేస్తుంది. సరుకుకొచ్చినవాళ్లంతా నా కాళ్ల వంక చూస్తారు. ఒకప్పుడు తెర వెనక చెప్పడానికి సిగ్గుపడిన మనిషిని, ఇప్పుడు నా కాలివేళ్లు ఊరి ఉమ్మడి ఆస్తి అయిపోయాయి.

డాక్టరమ్మ చెప్పిన ఒక్క విషయం మాత్రం నాకు గర్వంగా అనిపించింది. గత పదేళ్లుగా మన దేశంలో తామర మొండికేసిందట. ఒకప్పుడు కొద్ది వారాల్లో తగ్గించిన టెర్బినాఫిన్ ఇప్పుడు చాలామందికి పనిచేయడం లేదు. ఆ మొండిరకానికి జపాన్ శాస్త్రవేత్తలు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరే కలిసొచ్చేలా పెట్టారు. అడ్డగోలుగా స్టెరాయిడ్ ట్యూబులు రాయడం అది పెరగడానికి ఒక కారణమట, అంటే నా కొట్టుకూ అందులో వాటా ఉందన్నమాట. 2023లో అది న్యూయార్క్‌లో కూడా బయటపడిందని అమెరికా ప్రభుత్వమే ప్రకటించింది. బీజాపూర్ బస్సు పామేడుకు రాకముందే మన తామర అమెరికా చేరింది.

మిగిలిన ట్యూబుల డబ్బా మూడు రోజులు గల్లాపెట్టె కిందే ఉంది. పెట్టుబడి గుర్తొచ్చి పారేయలేకపోయాను. మా ఆవిడే తీసి గొయ్యి తవ్వి పాతిపెట్టింది. ఖాతాలో రాసింది కూడా. ఆ తర్వాతి సంతకు అవతలి ఊరి పెద్దాయన వచ్చాడు. నా పాత గిరాకీ. ఉప్పు అడిగి, అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగాడు. లేదన్నాను. "దాచినవా?" అన్నాడు. పాతేశామన్నాను. ఎందుకో చెప్పక తప్పలేదు. ట్యూబు నుంచి మొదలుపెట్టి కుక్క, దొంగ, మైక్రోస్కోపు, అమెరికా దాకా చెప్పాను. చెబుతూ చెబుతూ గొంతు పెరిగిందేమో, చింతపండు తూకానికి నిలబడ్డవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. పెద్దాయన అంతా విని తలూపాడు.

"మరి నీకు పోయిందా సావుకారీ?"

"చాలామట్టుకు పోయింది."

"యాడా, చూపియ్."

ఊరికే మాటల మీద మందు మార్చే మనిషి కాదాయన. వేరే దారి లేక బియ్యం బస్తాల వెనక్కి తీసుకుపోయి లుంగీ ఎత్తాను. ఆయన సెల్‌ఫోన్ లైటు వేసి తీరిగ్గా పరిశీలించి, "నాది దీనికంటే పెద్దగుంది" అని తన పంచె ఎత్తాడు. నిజంగానే పెద్దగుంది. ఇద్దరం వంగి చూస్తుండగా మా ఆవిడ చక్కెర లేని టీ పట్టుకుని వచ్చింది.

పెద్దాయన పంచె సర్దుకుని, భద్రాచలం పోతానని, ఛార్జీలకు డబ్బులు సర్దమని అడిగాడు. తరుగులో రాయమని మా ఆవిడకు సైగ చేశాను. ఆమె ఒప్పుకోలేదు. ఆయన పేరు మీదే రాసింది, ఉప్పుతో కలిపి.